ట్యాంకులోకి దిగే పని: నేర్పినది అలవాటుగా నిలవాలంటే ఏం చేయాలి?

పరవాడ భద్రతాధికారి:
మా బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో కొత్త కాంట్రాక్టు కార్మికులకు మొదటి రోజే స్లైడ్లు చూపించి, పరీక్ష పెట్టి, సంతకాలు తీసుకుంటున్నాం. పరీక్షలో అందరూ పాసవుతున్నారు. అయినా రాత్రి షిఫ్టులో రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు) శుభ్రం చేయవలసి వచ్చినప్పుడు, లోపలి గాలిని కొలిచే గ్యాస్ మీటరు పెట్టకుండానే దాని మ్యాన్‌హోల్‌లోకి తొంగిచూసేవారు కనిపిస్తూనే ఉన్నారు. మీ దగ్గర ఏ పద్ధతి నిలిచిందో దయచేసి తెలపండి.

పటాన్‌చెరు శిక్షకుడు:
స్లైడ్లు చూపే గదికీ, పని జరిగే మ్యాన్‌హోల్‌కీ మధ్య ఉన్న దూరమే అసలు లోపమని నా అభిప్రాయమండీ. మేము తరగతిని బాగా కుదించి, మిగిలిన సమయమంతా వాడుకలో లేని ఒక రియాక్టర్ దగ్గరే గడుపుతున్నాం. ట్యాంకులో ఆక్సిజన్‌ను తోసేసే నైట్రోజన్‌కు రంగూ వాసనా ఉండవని చెబితే అందరూ తల ఊపుతారు. నైట్రోజన్ నింపిన చిన్న డ్రమ్ములోకి మీటరు గొట్టాన్ని తామే దించి, ఆక్సిజన్ 20.9 శాతం నుంచి పడిపోతూ 19.5 దాటగానే అలారం మోగడం విన్నవారు మాత్రం ఆ మీటరును మరచిపోవడం లేదు. అసలు పనిలో పైన, మధ్యలో, అడుగున రీడింగు తీసి, అంకెను వేలితో చూపి పైకి చదవాలి. బయట నిలబడ్డ మనిషి తిరిగి చెప్పిన తరువాతే అది పర్మిట్ (లోపలికి దిగేందుకు ఇచ్చే రాత అనుమతి) మీదికి ఎక్కుతుంది. జపాన్ రైల్వే సిబ్బంది సిగ్నల్‌ను వేలితో చూపి పైకి చెప్పే పద్ధతి నుంచి తీసుకున్నదే ఇది. మొదట్లో నవ్వుకుంటారు, నవ్వనివ్వండి.

గోదావరిఖని ఓవర్‌మన్ (బొగ్గు గని పర్యవేక్షకుడు):
పైకి చదవడం కొన్నాళ్లకు చిలకపలుకు అవుతుంది, జాగ్రత్త. అప్పుడప్పుడు ముందుగా చెప్పకుండా, అభ్యాసంలో తప్పు రీడింగు చూపే మీటరు ఇచ్చి, పని ఆపుతారో లేదో చూడండి. ఇంతకంటే ముఖ్యమైన విషయం కూలి. ట్యాంకుకు ఇంత అని లెక్క కట్టే చోట, గాలి సరిపడేదాకా ఆగిన సమయం కార్మికుడి జేబులోంచే పోతుంది. ఆ లెక్క మార్చకుండా ఎన్ని తరగతులు పెట్టినా, ఇన్‌ఛార్జి ఒక్కసారి "కానివ్వండి" అంటే నేర్పినదంతా అక్కడితో సరి.

కువైట్ ఫిట్టర్:
లోపల పడిపోయినవాడిని చూసి వెంటనే దిగినవారు కూడా ప్రాణాలు కోల్పోవడం ఈ పనిలో తరచూ జరిగేదే. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గరకు వచ్చేసరికి ముక్కే పనిచేయదు. అందుకే మాకు దిగకుండా ఉండటాన్నే సాధన చేయిస్తారు: బయటి మనిషి కేక వేయాలి, ట్రైపాడ్ విన్చితో (మూడుకాళ్ల స్టాండుకు బిగించిన, తాడు చుట్టే యంత్రంతో) తాడు లాగాలి, సొంత గాలి అందించే బ్రీథింగ్ సెట్ ఉన్న బృందం వచ్చేదాకా కదలకూడదు. మనిషి బరువున్న బొమ్మతో ఇది ప్రతి షిఫ్టుకూ చేయించాలి. పగటివారికి మాత్రమే చేయిస్తే ప్రయోజనం లేదు.

పరవాడ భద్రతాధికారి:
కృతజ్ఞతలు. ఆగిన సమయానికి కూలి చెల్లించే షరతును కాంట్రాక్టరు ఒప్పందంలో చేర్చమని యాజమాన్యానికి రాస్తున్నాను. మా దగ్గర ఒడియా, హిందీ మాట్లాడేవారు ఎక్కువ. అంకెను తిరిగి చెప్పడం ఏ భాషలో పెట్టుకున్నారు?

పటాన్‌చెరు శిక్షకుడు:
దిగేవాడి భాషలోనే. బయట నిలబడేవాడు ఆ భాష తెలిసినవాడై ఉండాలని పర్మిట్‌లోనే ఒక గడి పెట్టాం.