ఫెర్రస్ క్లోరైడ్: నిటారు గెంతు రావాల్సిన చోట ఏటవాలు గీత ఎందుకు?

ప్రశ్న:
నీరు లేని ఫెర్రస్ క్లోరైడ్ సింగిల్ క్రిస్టల్, గుండ్రటి బిళ్ల. వ్యాసం 3 మి.మీ., మందం 0.3 మి.మీ. వీఎస్ఎంలో (నమూనాను కంపింపజేసి మ్యాగ్నెటైజేషన్ కొలిచే యంత్రం) 4.2 కెల్విన్ దగ్గర కొలత. ఫీల్డ్ సి-అక్షం (స్ఫటికం పొరలకు లంబంగా ఉండే దిశ) వెంట, అంటే బిళ్లకు లంబంగా. 1.1 టెస్లా దాకా మ్యాగ్నెటైజేషన్ దాదాపు సున్నా. అక్కడ ఒక్కసారిగా ఎగబాకాలి కదా? తీరా చూస్తే 1.7 దాకా తిన్నటి ఏటవాలు గీతలా ఎక్కి, ఆపైన చదునవుతోంది. ఫీల్డు పెంచే (స్వీప్) వేగం తగ్గించినా అంతే. స్ఫటికంలో లోపమా?

జవాబు 1:
స్ఫటికం బాగానే ఉంది. మీరు గ్రాఫ్ గీసింది బయటి ఫీల్డుకు. స్ఫటికానికి తగిలేది లోపలి ఫీల్డు, అంటే బయటి దాంట్లోంచి N × M తీసేయగా మిగిలింది. M అంటే మ్యాగ్నెటైజేషన్, N అంటే నమూనా ఆకారాన్ని బట్టి ఉండే డీమ్యాగ్నెటైజింగ్ గుణకం.

ఈ పదార్థంలో ఒక్కో పొరలో ఇనుము స్పిన్లన్నీ (అయాన్ల చిట్టి అయస్కాంతాలు) ఒకే వైపు, పక్క పొరలో ఎదురు వైపు. పొరల మధ్య బంధం బలహీనం కాబట్టి 1.1 టెస్లాకే ఎదురు పొరలు తిరగబడతాయి. కానీ కొంత భాగం తిరగబడగానే M పెరుగుతుంది, దాని ఎదురు ఫీల్డు లోపలి విలువను మళ్లీ 1.1కి లాగేస్తుంది. మిగతాది తిరగాలంటే బయట ఇంకాస్త పెంచాల్సిందే. ఈ మధ్యలో రెండు ఫేజులూ (తిరగబడినదీ, తిరగబడనిదీ) పక్కపక్కనే ఉంటాయి.

లెక్క చూడండి. ఒక్కో ఇనుము అయానుకు సుమారు 4.3 బోర్ మ్యాగ్నెటాన్లు, సాంద్రత 3.16 గ్రా./ఘ.సెం.మీ. అంటే సంతృప్త మ్యాగ్నెటైజేషన్ (స్పిన్లన్నీ ఒకే వైపు తిరిగినప్పటి విలువ) టెస్లాల్లో 0.75. మీ బిళ్లకు N సుమారు 0.8. రెంటినీ గుణిస్తే 0.6, మీకు వచ్చిన వెడల్పు అదే. రెండు అక్షాలూ టెస్లాల్లో పెట్టి వాలు కొలవండి: 1/N, అంటే 1.25 దగ్గర రావాలి.

లోపలి ఫీల్డుకు మార్చి గీస్తే గీత నిలబడుతుంది. వెనక్కి ఒరిగిందంటే N ఎక్కువ తీసుకున్నట్టు. మూలలు కాస్త గుండ్రంగానే మిగులుతాయి, ఎందుకంటే చదును బిళ్లలో ఎదురు ఫీల్డు అంచున ఒకలా, నడుమ ఒకలా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
దిద్దుబాటు లేకుండా నేరుగా నిటారుగా రప్పించే దారి లేదా?

జవాబు 1:
పూర్తిగా లేదు, తగ్గించొచ్చు. పొడవాటి సూది అయితే మేలే గానీ, ఇది పొరలుగా ఊడొచ్చే సరుకు, సూదిగా కోయడం కష్టం. అవే బిళ్లలు పది దొంతరగా పేర్చండి, సి-అక్షాలు కలిసేలా. ఎత్తు 3 మి.మీ. అవుతుంది, N సుమారు 0.3కి దిగుతుంది, వెడల్పు 0.25 టెస్లా లోపే.

జవాబు 2:
పేర్చేటప్పుడు గాలి తగలనివ్వొద్దు, తేమ పీల్చేస్తుంది. ఆర్గాన్ గ్లవ్ బాక్సులో పని చేసి, గ్రీజు పూసి మూసేయండి. దీని డైహైడ్రేటు (రెండు నీటి అణువులు చేరిన రూపం) కూడా మెటామాగ్నెటే, అంటే ఫీల్డు హద్దు దాటగానే ఇలా ఒక్కసారిగా తిరగబడేదే కావడం అసలు చిక్కు. 4 టెస్లా చుట్టుపక్కల కొత్త మెట్టు కనిపిస్తే నమూనా తడిసిందని అర్థం.

పొడితో ప్రయత్నించకండి. గింజలు తలో దిక్కు ఉంటాయి, ఒక్కోదానికి తగిలేది సి-అక్షం వెంట ఉన్న భాగమే, అందుకే గెంతు పైకి తోకలా సాగుతుంది. వదులు పొడైతే గింజలే తిరిగిపోతాయి. ఉష్ణోగ్రత కూడా చూసుకోండి: సుమారు 21 కెల్విన్ దాటితే మార్పు ఎలాగూ గెంతుగా రాదు, 23.5 దాటితే యాంటీఫెర్రో క్రమమే (పొరలు ఎదురెదురుగా ఉండే అమరిక) ఉండదు.

జవాబు 3:
దీన్ని స్పిన్-ఫ్లాప్‌తో కలపకండి. మాంగనీస్ ఫ్లోరైడ్‌లో 9.3 టెస్లా దగ్గర గెంతు వస్తుంది గానీ, అక్కడ స్పిన్లు ఫీల్డుకు అడ్డం తిరుగుతాయంతే, సంతృప్తి ఇంకా ఎంతో దూరం. M చిన్నది కాబట్టి ఈ ఏటవాలు గొడవ అక్కడ పెద్దగా ఉండదు. అక్కడ గీత వాలిందంటే ముందు అనుమానించాల్సింది స్ఫటికం అక్షం ఫీల్డు నుంచి ఒరిగిందేమోనని.