అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కు 1870లోనే రాజ్యాంగంలోకి వచ్చింది కదా, మళ్ళీ 1965 ఓటు హక్కుల చట్టం ఎందుకు? అసలు మలుపు ఎక్కడ?

కాలరేఖ:

అమెరికా చరిత్రలో కీలక మలుపులంటే ఎక్కడ చూసినా దాదాపు ఒకే వరుస: 1776, 1787, అంతర్యుద్ధం, 1929, 1941, 1965. ఇందులో ఒక చోట నాకు లెక్క కుదరడం లేదు. 13వ సవరణతో 1865లో బానిసత్వం పోయింది. 14వ సవరణతో 1868లో పౌరసత్వం వచ్చింది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఓటు నిరాకరించరాదని 1870 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన 15వ సవరణ చెప్పింది. అదే నెలలో నల్లజాతికి చెందిన హైరమ్ రెవెల్స్ మిసిసిపీ నుంచి సెనేట్‌లో కూర్చున్నారు కూడా.

మరి 95 ఏళ్ల తర్వాత అదే ఓటు కోసం ఇంకో చట్టం ఎందుకు కావలసి వచ్చింది? సవరణను ఎవరూ రద్దు చేయలేదే. చాలామంది "1877 రాజీ" (తగువు పడిన అధ్యక్ష ఎన్నికను తేల్చుకుని దక్షిణాదిలో సైనిక కాపలా ఎత్తేసిన ఒప్పందం) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ రాజీ ఒక మనిషి చేతిలోని ఓటును ఏ దారిలో లాగేసింది? ఏ చట్టం, ఏ కోర్టు, ఏ కార్యాలయం? తెలిసినవారు విడమరిచి చెప్పండి.

పాతగెజిట్:

ముందు 1877 సంగతి. 1876 అధ్యక్ష ఎన్నికల్లో మొత్తం 369 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలవారీగా ఉండే ఓట్లు), గెలవడానికి 185 కావాలి. డెమొక్రాట్ టిల్డెన్‌కు 184, రిపబ్లికన్ హేస్‌కు 165 దగ్గర లెక్క ఆగింది. మిగిలిన 20 మీద తగువు: లూయిజియానా 8, దక్షిణ కరొలైనా 7, ఫ్లోరిడా 4, ఒరెగాన్ 1. ప్రతినిధుల సభ నుంచి 5గురు, సెనేట్ నుంచి 5గురు, సుప్రీం కోర్టు నుంచి 5గురు న్యాయమూర్తులతో కాంగ్రెస్ ఒక కమిషన్ వేసింది. ఏ పక్షానికీ చెందనివాడని నమ్మిన జస్టిస్ డేవిస్‌ను సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభ సెనేట్‌కు ఎన్నుకుంది. ఆయన తప్పుకుంటే జోసెఫ్ బ్రాడ్లీ వచ్చారు. ప్రతి తగువూ 8–7 తేడాతో హేస్ వైపే తేలింది. 1877 మార్చి 2న 185–184తో హేస్ గెలిచారు.

ఏప్రిల్‌లో దక్షిణ కరొలైనా, లూయిజియానా ప్రభుత్వ భవనాల దగ్గర కాపలా ఉన్న ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సైనికులను ఆయన వెనక్కి పిలిచారు. చాలామంది పొరబడేది ఇక్కడే. సైన్యం దక్షిణాదిని వదిలి వెళ్లిపోలేదు, బ్యారక్‌లకు తిరిగి వెళ్లింది. పైగా అప్పటికే దక్షిణాది రాష్ట్రాల్లో చాలావరకు నల్లజాతివారి ఓటును వ్యతిరేకించే డెమొక్రాట్ల చేతికి పోయాయి. 1876 ఎన్నికల నాటికి రిపబ్లికన్ ప్రభుత్వాలు నిలిచి ఉన్నవి మూడే.

నా లెక్కలో అసలు దెబ్బ అంతకు ఏడాది ముందే పడింది. 1876 మార్చి 27న, ఒకే రోజు, సుప్రీం కోర్టు రెండు తీర్పులు ఇచ్చింది.

ఒకటి క్రూక్‌షాంక్ కేసు. 1873 ఈస్టర్ ఆదివారం నాడు లూయిజియానాలోని కోల్‌ఫాక్స్‌లో పదుల సంఖ్యలో నల్లజాతివారిని చంపేశారు. నిందితుల మీద 1870 నాటి ఎన్‌ఫోర్స్‌మెంట్ చట్టం (నల్లజాతివారి హక్కుల అమలు కోసం కాంగ్రెస్ చేసినది) కింద ఫెడరల్ కేసు నడిచింది. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలను కట్టడి చేస్తుందే గాని ఒక పౌరుడు మరో పౌరుడికి చేసిన అన్యాయానికి వర్తించదని కోర్టు అంది. అంటే ముఠా వచ్చి కాల్చినా అది రాష్ట్రం చూసుకోవలసిన నేరం. ఆ రాష్ట్రం చూసుకోకపోతే అడిగేవారు లేరు.

రెండోది రీస్ కేసు, కెంటకీ నుంచి. ఇక్కడే 15వ సవరణ పదాలను పట్టిపట్టి చదవాలి. అది "ఓటు ఇస్తున్నాం" అనలేదు. ఫలానా కారణంతో నిరాకరించకూడదు అని మాత్రమే అంది. కోర్టు ఆ మాటను అక్షరాలా తీసుకుంది: ఈ సవరణ ఎవరికీ ఓటు హక్కు ప్రసాదించదు, జాతి కారణంగా జరిగే వివక్ష నుంచి మాత్రమే కాపాడుతుంది. జాతి అనే మాటకు పరిమితం కాకుండా రాసినందుకు 1870 చట్టంలోని రెండు సెక్షన్లు కొట్టేసింది. ఆ తీర్పు చదివిన ఏ రాష్ట్ర శాసనసభ్యుడికైనా దారి దొరికినట్టే: జాతి పేరు ఎత్తకుండా రాసుకుంటే చాలు.

ఓటరుజాబితా:

పాతగెజిట్ గారు చెప్పిన తీర్పులు తలుపు తెరిచాయి, నిజమే. కానీ 1877 తర్వాత కూడా దక్షిణాదిలో నల్లజాతివారు లక్షల్లో ఓటు వేస్తూనే ఉన్నారు. ఉత్తర కరొలైనా నుంచి జార్జ్ హెన్రీ వైట్ 1901 మార్చి వరకు కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆయన తర్వాత దక్షిణాది నుంచి మరో నల్లజాతి సభ్యులు అక్కడ అడుగుపెట్టింది 1973లో. కాబట్టి మలుపును 1877లో కాదు, 1890లో వెతకాలి.

మధ్యలో కొన్నాళ్లు తుపాకీ, బ్యాలెట్ పెట్టెల మోసం నడిచాయి. దక్షిణ కరొలైనా 1882లో "ఎనిమిది పెట్టెల చట్టం" తెచ్చింది. ఒక్కో పదవికి ఒక్కో పెట్టె. పెట్టె మీద రాసింది చదవలేక చీటీ వేరే పెట్టెలో వేస్తే ఆ ఓటు చెల్లదు. ఎవరైనా పక్కనుంచి వరుస నేర్పినా లాభం లేకుండా పెట్టెల స్థానాలు మార్చేసేవారు.

మిసిసిపీ 1890లో దీన్ని పద్ధతిగా చేసింది. కొత్త రాజ్యాంగం రాసిన సభలో 134 మంది సభ్యులు, వారిలో నల్లజాతివాడు ఒక్కడే. రాష్ట్ర జనాభాలో మాత్రం నల్లజాతివారే ఎక్కువ. రాసిన రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెట్టనే లేదు. అందులో జాతి అనే మాట లేకుండా వలలు ఒకదాని వెనక ఒకటి పన్నారు:

- రాష్ట్రంలో రెండేళ్లు, ఆ ఎన్నికల పరిధిలో ఏడాది నివాసం. కౌలు రైతులు ఏటా పొలం మారతారు, కాబట్టి ఇక్కడే చాలామంది రాలిపోతారు.
- ఏడాదికి 2 డాలర్ల ఓటు పన్ను. ఎన్నికల ఏడాది ఫిబ్రవరి 1లోపు, అంతకు ముందు రెండేళ్ల బకాయి కట్టి ఉండాలి. ఎన్నికలేమో నవంబరులో. అభ్యర్థులెవరో తెలియని రోజుల్లో, చేతిలో డబ్బాడని కుటుంబం పన్ను కట్టి, ఆ కట్టిన రుజువును నెలల తరబడి దాచుకోవాలి.
- కొన్ని నేరాలు చేసినవారికి ఓటు లేదు. ఆ జాబితాలో దొంగతనం ఉంది, ఇంటికి నిప్పు పెట్టడం ఉంది, రెండో పెళ్లి ఉంది. హత్య, మానభంగం లేవు! నల్లజాతివారు ఎక్కువగా చేస్తారని తాము అనుకున్న నేరాలనే ఏరి రాశారు. హత్య, మానభంగం 1968లో గాని అందులో చేరలేదు.
- చివరిది అన్నిటికంటే పదునైనది. రాజ్యాంగంలోని ఏ భాగాన్నయినా చదవగలగాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పగలగాలి. చదువురాని తెల్లవాడికి ఒక చిన్న వాక్యం, చదువుకున్న నల్లజాతి ఉపాధ్యాయుడికి పన్నుల మీది చిక్కు సెక్షన్. జవాబు సరిపోయిందో లేదో చెప్పేది రిజిస్ట్రార్, అంటే ఓటర్ల నమోదు అధికారి, ఒక్కడే.

ఆ నాలుగో వలలో నిబంధన ప్రమాదకరం కాదు, దాన్ని నడిపే మనిషికి ఇచ్చిన విచక్షణాధికారం ప్రమాదకరం. అందుకే కోర్టులో దీన్ని నిరూపించడం కష్టమైంది. 1898లో విలియమ్స్ కేసులో సుప్రీం కోర్టు ఈ నిబంధనలను నిలబెట్టింది: రాతలో వివక్ష కనిపించలేదు, నడపడంలో చెడు జరిగిందని చూపించలేదు, అంతే.

అదే ఏడాది లూయిజియానా ఇంకో మెలిక కలిపింది, తాతల నిబంధన. 1867 జనవరి 1 నాటికి తనకో, తండ్రికో, తాతకో ఓటు ఉన్నవాడికి చదువు, ఆస్తి పరీక్షల నుంచి మినహాయింపు. ఆ తేదీకి అక్కడ నల్లజాతివారికి ఓటు లేదు. ఫలితం అంకెల్లో చూడండి: 1896లో నమోదైన నల్లజాతి ఓటర్లు 1,30,334. 1900లో 5,320.

అలబామా 1901లో ఓటు పన్నుకు బకాయిలు జోడించింది. ఏడాదికి ఒకటిన్నర డాలర్, 21వ ఏట నుంచి 45 దాకా కట్టకపోతే పేరుకుంటూ 36 డాలర్ల దాకా పోతుంది. ఈ పన్ను పేద తెల్లవారినీ పెద్ద సంఖ్యలో ఓటుకు దూరం చేసింది. ఈ విషయం తరచూ మరుగున పడుతుంది.

ధర్మాసనం:

ఇద్దరి మాటలకూ ఒక చేర్పు. ఇదంతా ఆపే అవకాశం కాంగ్రెస్‌కు అదే 1890లో వచ్చి చేజారింది. హెన్రీ కాబట్ లాడ్జ్ తెచ్చిన ఫెడరల్ ఎన్నికల బిల్లు 155–149తో ప్రతినిధుల సభ దాటింది. ఓటర్లు అర్జీ పెడితే నమోదు నుంచి లెక్కింపు దాకా ఫెడరల్ పర్యవేక్షకులు కూర్చునే ఏర్పాటు అది. సెనేట్‌లో డెమొక్రాట్లు సాగదీశారు. వెండి నాణేల చట్టం మీద ఆసక్తి ఉన్న కొందరు పశ్చిమ రాష్ట్రాల రిపబ్లికన్లు వారితో కలిసి 1891 జనవరిలో దాన్ని పక్కన పెట్టించారు. 1894లో పాత పర్యవేక్షణ నిబంధనలు కూడా రద్దయ్యాయి. ఆ తర్వాత 1957 దాకా పౌర హక్కుల చట్టమంటూ ఒక్కటీ కాంగ్రెస్ దాటలేదు. నన్నడిగితే మలుపు ఈ ఓటమే.

ఇంకొకటి, 14వ సవరణలోని 2వ సెక్షన్. వయోజన పురుషుల ఓటు కాజేసిన రాష్ట్రానికి ప్రతినిధుల సభలో సీట్లు ఆ మేరకు తగ్గించాలని అందులో స్పష్టంగా ఉంది. ఒక్కసారి కూడా అమలు చేయలేదు. బానిసత్వం ఉన్న రోజుల్లో జనాభా లెక్కకు బానిసలను ఐదింట మూడు వంతులుగా కలిపేవారు. విముక్తి తర్వాత పూర్తిగా కలిపారు. అంటే నల్లజాతివారి ఓటు తీసేసిన రాష్ట్రాలకు వారి తలల మీద సీట్లు, ఎలక్టోరల్ ఓట్లు మునుపటికంటే ఎక్కువ వచ్చాయి. ఈ లెక్క తెలియకపోతే 20వ శతాబ్దం మొదటి సగంలో ప్రతినిధుల సభ మీద దక్షిణాది పట్టు అర్థం కాదు.

కాలరేఖ:

చాలా స్పష్టంగా ఉంది, ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. తాతల నిబంధనను 1915లో సుప్రీం కోర్టు కొట్టేసిందని చదివాను. తెల్లవారికే పరిమితమైన ప్రైమరీలను (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలను) 1944లో కొట్టేసింది. మరి కోర్టులో గెలుస్తున్నప్పుడు 1965 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

ధర్మాసనం:

గెలిచిన ప్రతిసారీ రాష్ట్రం కొత్త నిబంధన రాసుకునేది కాబట్టి. మీరు చెప్పిన 1915 తీర్పు ఓక్లహోమాది. ఆ రాష్ట్రం వెంటనే 1916లో ఇంకో చట్టం తెచ్చింది: పాత నిబంధన కింద 1914లో ఓటు వేసినవారు నేరుగా జాబితాలో ఉంటారు, మిగతావారు ఏప్రిల్ 30 నుంచి మే 11 మధ్య నమోదు చేసుకోవాలి, లేకపోతే శాశ్వతంగా ఓటు లేదు. పన్నెండు రోజుల గడువు! దాన్ని కొట్టేయడానికి 1939 పట్టింది.

టెక్సాస్ ప్రైమరీలదీ అదే వరస. ఒకే పార్టీ గెలిచే చోట ప్రైమరీయే అసలు ఎన్నిక. నల్లజాతివారిని డెమొక్రాటిక్ ప్రైమరీ నుంచి వెలివేసిన చట్టం 1927లో పోయింది. అధికారం పార్టీ కార్యవర్గానికి అప్పగించారు, 1932లో అదీ పోయింది. అప్పుడు పార్టీ మహాసభ ప్రైవేటు సంఘంగా తీర్మానం చేసింది, 1935లో కోర్టు దాన్ని ఒప్పుకుంది. 1944లో స్మిత్ కేసులో తన మాటే వెనక్కి తీసుకుంది. 17 ఏళ్లు, నాలుగు కేసులు, ఒక్క రాష్ట్రం.

ఓటరుజాబితా:

1957 నుంచి న్యాయశాఖే స్వయంగా దావాలు వేసింది. అదీ చాలలేదు. ఒక్కో కేసుకు నమోదు పుస్తకాలు వెతకడానికే 6,000 పనిగంటల దాకా పట్టేవి. అలబామాలో సెల్మా పట్టణం ఉన్న డల్లాస్ కౌంటీలో నాలుగేళ్లు దావాలు నడిచాక నల్లజాతి ఓటర్లు 156 నుంచి 383కు పెరిగారు. ఓటు వయసున్నవారు దాదాపు 15,000. నమోదు కార్యాలయం మామూలుగా నెలకు రెండు రోజులే తెరిచేవారు. మిసిసిపీలో 1962 నుంచి దరఖాస్తుదారుల పేర్లు స్థానిక పత్రికలో అచ్చు వేయాలని చట్టం. పని ఇచ్చే యజమానికి, ఇల్లు అద్దెకిచ్చినవాడికి కబురు చేరడానికి ఇంకేం కావాలి?

1965 మార్చి 7న సెల్మాలో ఎడ్మండ్ పెటస్ వంతెన మీద ఊరేగింపును పోలీసులు కొట్టడం దేశమంతా టీవీలో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. అది పాతవాటికంటే ఎందుకు పనిచేసిందంటే, భారాన్ని తిప్పేసింది. మునుపు ఓటరు కోర్టుకెళ్లి వివక్ష నిరూపించాలి. ఈ చట్టంతో, 1964 నవంబరు 1 నాటికి పరీక్షలు పెట్టి, ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో నమోదో పోలింగో 50 శాతం లోపున్న ప్రాంతాల్లో ఆ పరీక్షలు వాటంతట అవే ఆగిపోయాయి. ఇంకొకటి మరీ ముఖ్యం: ఆ ప్రాంతాలు ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా న్యాయశాఖ నుంచి గాని వాషింగ్టన్ జిల్లా కోర్టు నుంచి గాని ముందే అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఓక్లహోమా 1916లో ఆడినలాంటి ఆట అక్కడ ఇక కుదరలేదు. రిజిస్ట్రార్ మొండికేస్తే ఫెడరల్ ఉద్యోగి కూర్చుని పేర్లు రాసేవాడు. సంతకమైన వారంలోపే కొన్ని కౌంటీల్లో వాళ్లు పని మొదలుపెట్టారు. మిసిసిపీలో నల్లజాతివారి నమోదు 6.7 శాతం నుంచి 1967కల్లా 59.8 శాతానికి చేరింది.

ఓటు పన్ను మాత్రం వేరే దారిలో పోయింది. ఫెడరల్ ఎన్నికల్లో 1964 నాటి 24వ సవరణతో, రాష్ట్ర ఎన్నికల్లో 1966లో వర్జీనియా మీద వచ్చిన తీర్పుతో.

పాతగెజిట్:

కాలరేఖ గారూ, మీ వరుసలో 1965 తర్వాత 2013 కూడా రాసుకోండి. ఆ ఏడాది జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో 5–4తో సుప్రీం కోర్టు కొట్టేసింది 1965 చట్టంలో ముందస్తు అనుమతి కోరే 5వ సెక్షన్‌ను కాదు, అది ఏ ప్రాంతాలకు వర్తించాలో చెప్పే సూత్రాన్ని. సూత్రం లేక 5వ సెక్షన్ చట్టంలో అలాగే ఉండి పని మానేసింది. టెక్సాస్ అప్పటిదాకా ఆగిపోయి ఉన్న తన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని ఆ రోజే అమలు చేస్తామని ప్రకటించింది.