ప్రభుత్వం మన సొమ్మునే ఖర్చు చేస్తే కొత్త గిరాకీ ఎలా పుడుతుంది?

ప్రశ్న:
నమస్కారం. పోటీ పరీక్షల కోసం అర్థశాస్త్రం చదువుతున్నాను. మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఖర్చు పెంచాలన్న బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ వాదన దగ్గర నాకు ఒక సందేహం తీరడం లేదు. ప్రభుత్వానికి సొంత సొమ్మంటూ లేదు. పన్నుగానో అప్పుగానో మన దగ్గర తీసుకున్నదే ఖర్చు చేయాలి. ఇది బావిలో నీళ్లు తోడి మళ్లీ అదే బావిలో పోసినట్టు కాదా? ఉపాధి హామీ కూలి వల్ల పల్లెలో గిరాకీ పెరిగితే, ఆ సొమ్ము ఇచ్చినచోట అంతే గిరాకీ తగ్గాలి కదా? తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు 1 (అర్థశాస్త్ర అధ్యాపకుడు):
అందరికీ పని ఉండి, యంత్రాలన్నీ పూర్తిగా నడుస్తున్న రోజుల్లో మీ పోలిక సరిపోతుంది. అప్పుడు ప్రభుత్వం వంద మందిని పనిలోకి తీసుకుంటే ఆ వంద మంది మరెక్కడో తగ్గుతారు. మాంద్యంలో అలా ఉండదు. 1933లో అమెరికాలో శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు. ఫ్యాక్టరీలు ఉన్నాయి, పని తెలిసిన చేతులు ఉన్నాయి, కొనేవారే లేరు. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం కాబట్టి, భయపడి అందరూ ఒకేసారి పొదుపుకు దిగితే అందరి ఆదాయమూ పడిపోయి, ఆ పొదుపు కూడా చేతికి దక్కదు. అలా కదలకుండా పడి ఉన్న సొమ్మును ప్రభుత్వం అప్పుగా తీసుకుని ఖర్చు చేస్తే ఎవరి కొనుగోలూ ఆగదు.

1937లో దీనికి వ్యతిరేక దిశలో జరిగినదాన్ని కూడా చదవండి. పరిస్థితి చక్కబడుతోందని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఖర్చు తగ్గించింది. సామాజిక భద్రత పన్ను వసూలూ ఆ ఏడాదే మొదలైంది. అక్కడి కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్, బ్యాంకులు అప్పివ్వకుండా తప్పనిసరిగా పక్కన ఉంచాల్సిన నిల్వల నిబంధనను బిగించింది. ఏడాది తిరగకముందే నిరుద్యోగం మళ్లీ ఎగబాకింది. మూడూ కలిసి వచ్చాయి కనుక తప్పంతా ఖర్చు కోతదేనని నేను అనను, కానీ దాని పాత్ర చిన్నది కాదు.

జవాబు 2 (చిల్లర అంగడి యజమాని):
మాది అనంతపురం జిల్లా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిన బండ్లపల్లి మా జిల్లాలోనిదే. ఇక్కడ వేరుశనగ పని అయిపోయాక, ముఖ్యంగా ఎండాకాలంలో, కూలీలకు చేయడానికి పొలం పని ఉండదు. కాబట్టి అప్పుడు వారు కుంట తవ్వితే ఏ రైతుకూ కూలీ కొరత రాదు. కూలి ఖాతాలో పడిన రోజు వారు మొదట చేసేది కొత్త సరుకు కొనడం కాదు, నా అప్పు పుస్తకంలో పాత బాకీ కొట్టేయించుకోవడం. గిరాకీ పెరగలేదని పైకి అనిపిస్తుంది. కానీ ఆ బాకీ వసూలైతేనే నేను టౌనులోని హోల్‌సేల్ వ్యాపారికి కట్టి, మళ్లీ బియ్యం బస్తాలు, పామాయిల్ ప్యాకెట్లు దించుకోగలను. ఒకసారి కూలి మూడు నెలలు ఆలస్యమైంది. పుస్తకం నిండింది, నాకు సరుకు అప్పు పుట్టలేదు, చివరికి నేనే అరువు ఆపాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ మరిచిపోలేదు.

జవాబు 3 (పరిశోధక విద్యార్థిని):
అంగడి యజమాని గారి అనుభవానికి గట్టి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ కార్డుల ద్వారా ఉపాధి కూలి చెల్లింపును మెరుగుపరిచిన మండలాలను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అధ్యయనం చేశారు. అక్కడ పేద కుటుంబాల ఆదాయం సుమారు 14 శాతం పెరిగింది; ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనుల నుంచి కాక బయటి కూలి, బయటి పనుల నుంచి వచ్చింది. బావిలో పోసిన నీళ్లకు ఇలాంటి లెక్క కుదరదు.

అయితే రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఆయన దించుకునే పామాయిల్‌లో అధిక భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. ఆ మేరకు గిరాకీ మన గడప దాటిపోతుంది, గుణకం (ప్రభుత్వం పెట్టిన ఒక్కో రూపాయికి మొత్తం ఆదాయం ఎన్ని రూపాయలు పెరుగుతుందన్న లెక్క) తగ్గుతుంది. రెండోది కాలం. 2007-08లో జీడీపీలో సుమారు 2.5 శాతంగా ఉన్న కేంద్ర ద్రవ్యలోటు (రాబడికి మించిన ఖర్చు కోసం ప్రభుత్వం చేసే అప్పు) మరుసటి ఏడాది 6 శాతానికి చేరింది. ప్రపంచ సంక్షోభంలో అది అవసరమైన ఖర్చేనని నా అభిప్రాయం. కానీ వృద్ధి తిరిగి పుంజుకున్నాక దాన్ని తగినంత త్వరగా వెనక్కి తీసుకోలేదు. కరవు, ముడిచమురు ధరలు తోడై, ఆ తర్వాతి ఏళ్లలో ధరలు సామాన్యులను బాగా బాధించాయి. మంచి రోజుల్లో ఖర్చు తగ్గించి అప్పు తీర్చడం కూడా కీన్స్ సిద్ధాంతంలో భాగమే. పరీక్షలో ఆ సగాన్ని కూడా తప్పక రాయండి.