కదిరి తాలూకా పాత బోర్డు స్కూలు: పలక మీద "ప్రభవ" అంటే 1867నా, 1927నా?

ప్రశ్న (వాకిలిపలక)
కదిరి తాలూకాలో ఒక పాత బోర్డు స్కూలు. హాలు వాకిలి మీద నాపరాయి పలక ఉంది. సున్నం పొరల కింద "ప్రభవ నామ సం॥ ఆశ్వయుజ", ఆ కింద "తాలూకా బోర్డు" అనేంత వరకే తెలుస్తాంది. ఇంగ్లీషు సంవత్సరం లేదు. ఊర్లో "150 ఏండ్ల బడి" అని ఫ్లెక్సీ కొట్టిస్తామంటున్నారు. యూడైస్‌లో (బళ్ల వివరాలుండే సర్కారు డేటాబేస్) చూస్తే 1962. ఏది రాయాల? యాసిడ్ పోస్తే సున్నం వదులుతుందంటున్నారు, పోయొచ్చా?

ఫసలీ
యాసిడ్ పోయొద్దన్నా. నాపరాయంటే సున్నపురాయే. పైన సున్నంతో పాటు చెక్కిన అక్షరం అంచు కూడా తినేస్తుంది, మళ్లీ రాదు. నీళ్లతో నానబెట్టి కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు. చీకటి పడినాక టార్చి పలకకు ఆనించి పక్క నుంచి వేసి, ఒక్కో వైపు నుంచి ఒక్కో ఫోటో తీయండి. అరిగిన గీతకు కూడా నీడ పడుతుంది.

ఇక సంవత్సరం. ప్రభవ 60 ఏండ్లకొకసారి వస్తుంది: 1867, 1927, 1987. తేల్చేది "తాలూకా బోర్డు" అన్న మాటే. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా బోర్డులు 1884 చట్టంతో వచ్చినాయి, 1934లో రద్దయినాయి. ఆ మధ్యలో పడే ప్రభవ ఒక్కటే, 1927. ఆశ్వయుజం కాబట్టి సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు లోపల. పలక మీద ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) అంకె కూడా బయటపడితే అది 1337 ఉండాల, దానికి 590 కలిపితే 1927. శకమైతే 78 కలపాల, 1849 ఉండాల.

దంతెలు
ఫసలీ గారు చెప్పింది కట్టడం వయసు. బడి వయసు వేరే సంగతి. చాలా బళ్లు ముందు చావిట్లోనో, బాడుగ మిద్దెలోనో నడిచి తర్వాత సొంత కట్టడంలోకి వచ్చినవే. హెడ్మాస్టరు గారిని అడిగి అన్నిటికన్నా పాత అడ్మిషన్ రిజిస్టర్ తీయించండి. మొదటి పేజీలో మొదటి పిల్లవాని అడ్మిషన్ నంబరు చూడండి. 1 అయితే సరే. 400 పైన ఉంటే ఇంకో పాత పుస్తకం ఉండేదని అర్థం. యూడైస్ ఏడాది నమ్ముకోవద్దు, అది బడిని అప్‌గ్రేడ్ చేసిన ఏడాదో, గుర్తింపు ఇచ్చిన ఏడాదో అయి ఉంటుంది.

పైకప్పు కూడా చూడండి. ఇనుప దూలాలుంటే గోడలోకి పోయే చోట, మధ్య పట్టీ మీద, ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. "టాటా" అని ఉంటే 1867 మాటే లేదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు మొదలైందే 1912లో. టేకు దంతెల (కప్పు మోసే సన్న దూలాలు) మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మద్రాసు మిద్దె అయితే దాన్ని బట్టి ఏడాది చెప్పలేం, ఆ పద్ధతి చాలాకాలం నడిచింది.

తాలూకా కచేరి
స్థలం ఎవరిచ్చినారో కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది, పాతవి చేత్తో వెతికించాల. స్థిరాస్తి దస్తావేజులు బుక్ 1లో ఉంటాయి, ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. ఇండెక్స్ 1 పేర్ల మీద, ఇండెక్స్ 2 ఆస్తి మీద. పొరపాటు జరిగేది ఇక్కడే: స్కూలు పేరుతో వెతికితే దొరకదు. రాయించుకున్నది "తాలూకా బోర్డు ప్రెసిడెంటు" పేరున ఉంటుంది. దానంగా ఇచ్చింది కాకుండా పోరంబోకు అయితే దస్తావేజు ఉండదు, ఆర్‌ఎస్‌ఆర్‌లో (రెవెన్యూ వాళ్ల పాత భూమి రిజిస్టర్) సర్వే నంబరు చూడాల.

ఇంకోటి, కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లా. అంతకు ముందరి సంగతులకు అనంతపురం కాగితాల్లో వెతికితే టైం వేస్టు. 1882కు ముందు అనంతపురం జిల్లానే లేదు. మద్రాసు కాలం విద్యాశాఖ జీవోలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

వాకిలిపలక
ఫ్లెక్సీ ఆపించినా. "కట్టడం 1927" అని మాత్రం రాయిస్తాం. బడి ఏడాది రిజిస్టర్ చూసినాక.