పడవ ప్రయాణంలో పసిబిడ్డకు ఎండను ఆపే ఈత దుస్తులా, నూలు బట్టలా?

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక తల్లి):
మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. సంక్రాంతి సెలవుల్లో బంధువులందరం కలిసి భీమునివారిపాళెం వెళ్లి, అక్కడి నుంచి పడవలో పులికాట్ సరస్సు మీద తిరగాలని అనుకుంటున్నాము. పాపకు యూపీఎఫ్ (బట్ట ఎండను ఎంత ఆపుతుందో చెప్పే కొలత) 50 అని ముద్రించిన పొడుగు చేతుల ఈత దుస్తులు కొనాలని నా ఆలోచన. మా అత్తగారు మాత్రం అలాంటి బట్ట తొడిగితే పసిదాని ఒళ్లు ఉడికిపోతుందని, మెత్తని పాత నూలు చీర చుడితే చాలునని అంటున్నారు. తెలిసినవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం (ఒంగోలు నుంచి):
అమ్మా, మీ అత్తగారి మాటే సరైనదని నా అభిప్రాయం. పసిపిల్లల ఒళ్లు పెద్దలకంటే త్వరగా వేడెక్కుతుంది, చెమట పట్టి చల్లబడే శక్తి వారికి ఇంకా పూర్తిగా రాదు. మన కోస్తా ఉక్కలో ఒంటికి అతుక్కునే నైలాన్ దుస్తులు తొడిగి, దాని మీద లైఫ్ జాకెట్ కూడా బిగిస్తే, ఏడవడం తప్ప ఇంకేమీ చెప్పుకోలేని బిడ్డ ఎంత అవస్థ పడుతుందో ఆలోచించండి. కొత్తపట్నం తీరంలో మెడ చుట్టూ చెమటకాయలు లేచిన పిల్లలను తరచూ చూస్తుంటాను. పైగా ఎండ బొత్తిగా తగలకపోతే డి విటమిన్ ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో సమాధానం (కావలి నుంచి):
అన్నా, ఉక్క గురించి మీరు చెప్పినది నిజమే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. అయితే ఇక్కడ అడిగినది ఇంటి ముంగిట్లో ఆడుకునే బిడ్డ గురించి కాదు, నీటి మీద పడవలో కూర్చునే బిడ్డ గురించి. పడవలో తుంపరలు పడకుండా ఉండవు కనుక, బట్ట పొడిగా ఉన్నప్పటి సుఖాన్ని బట్టి కాక తడిసినప్పుడు ఏమవుతుందో చూసి ఎంచుకోవాలన్నది నా గట్టి నమ్మకం. సాధారణ తెల్ల నూలు టీషర్టుకు యూపీఎఫ్ సుమారు 5 నుంచి 7 దాకా ఉంటుంది, తడిస్తే 3కు పడిపోతుంది. అంటే అతినీలలోహిత కిరణాల్లో మూడో వంతు చర్మాన్ని తాకుతాయి. యూపీఎఫ్ 50 బట్ట 50వ వంతును మాత్రమే లోపలికి రానిస్తుంది. అరిగి పల్చబడిన వెంకటగిరి చీర ఉయ్యాలకు ఎంతో హాయి, కానీ దాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుంటే అవతలి వెలుగు స్పష్టంగా కనిపిస్తుంది.

సంక్రాంతి చలికాలమే కదా అనుకోవద్దు. అప్పుడు కూడా మధ్యాహ్నం సూర్యుడు మన ప్రాంతంలో 50 డిగ్రీలకు పైగా ఎత్తులోనే ఉంటాడు. ఏప్రిల్ చివరి వారంలోనూ, మళ్లీ ఆగస్టు నడుమనూ నెల్లూరుకు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. పడవ మీద గాలి చల్లగా వీస్తుంటే చర్మం కమిలిపోతున్న సంగతి పెద్దవారికే తెలియదు. పడవకు కప్పు ఉన్నా చాలదు, ఎందుకంటే ఆకాశంలో చెదిరిన కిరణాలు, నీటి మీద పడి తిరిగి లేచిన కిరణాలు పక్కల నుంచి, కింది నుంచి కూడా వస్తాయి.

డి విటమిన్ కోసం బిడ్డను ఎండలో పెట్టనక్కరలేదు. ఏడాది లోపు పిల్లలకు రోజుకు 400 ఐయూ (విటమిన్ మోతాదు కొలత) చుక్కల రూపంలో ఇవ్వాలని పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది.

కొనేటప్పుడు కొలత చూసుకోండి, బిగుతుగా ఉండి సాగిన బట్టలోంచి కిరణాలు ఎక్కువగా దూరుతాయి. రంగు విషయంలో చాలామంది ముచ్చటపడి లేత నీలం కొంటారు, అది నాకు ఎంతమాత్రం నచ్చదు. బిడ్డ నీటిలో జారిపడితే నీలం, బూడిద రంగులు కంటికి ఆనవు, నారింజ, ఎరుపు, ముదురు గులాబీ రంగులు దూరం నుంచే కనిపిస్తాయి. ముందు భాగంలో కింది దాకా జిప్పు, గడ్డానికి గుచ్చుకోకుండా దాని పైన చిన్న మడత, డైపర్ మార్చడానికి కాళ్ల మధ్య గుండీలు ఉంటే కదిలే పడవలో మీకు సులువు. మెడ మీదికి దిగే వెడల్పు టోపీ తప్పనిసరి. మీ పాపకు ఆరు నెలలు దాటాయి కనుక ముఖానికి, చేతులకు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాయవచ్చు. ఆరు నెలల లోపు బిడ్డలనైతే అసలు నేరుగా ఎండలోకి తీసుకుపోకూడదు.

మూడో సమాధానం (కృష్ణపట్నం నుంచి):
బట్టకంటే ముందు జాకెట్ సంగతి తేల్చుకోండి, అక్కా. ఈత దుస్తులు అన్న పేరు చూసి అవి తేలుస్తాయని భ్రమపడకూడదు. సుమారు 8 కిలోల బరువు రాని బిడ్డను పడవ ఎక్కించవద్దని అమెరికా తీర రక్షక దళం చెబుతుంది, అంతకు చిన్న బిడ్డకు జాకెట్ సరిగా అమరదు. కొన్న దుస్తుల మీదనే జాకెట్ తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా పైకెత్తి చూడండి. గడ్డం, చెవులు లోపలికి జారిపోతే ఆ జాకెట్ పనికిరాదు.

ఒంగోలు నుంచి మళ్లీ:
చుక్కల విషయం ఒప్పుకుంటున్నాను. కానీ తెల్ల టీషర్టుతో పోల్చి నూలు మొత్తాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. చిక్కని నేత, ముదురు రంగు ఉన్న చేనేత నూలు అంతకంటే చాలా మేలు. ఉదయం తొమ్మిది లోపు తిరిగి వచ్చేటట్టయితే ఆ బట్ట, రెండు జతలు చాలవా? వేడి బాధ మాత్రం ఏ ముద్ర వేసిన బట్టతోనూ తీరదు.

కావలి నుంచి మళ్లీ:
తొమ్మిది లోపు ప్రయాణం ముగిసేటట్టయితే, తడిసిన వెంటనే మార్చేటట్టయితే, చిక్కని నూలుకు నేను అడ్డు చెప్పను. కానీ పదిమంది బంధువులతో వెళ్లినప్పుడు పడవ తొమ్మిదికి బయలుదేరితేనే గొప్ప, అందుకే నా ఓటు ఇప్పటికీ యూపీఎఫ్ దుస్తులకే. వేడి భయానికి మందు మన చేతిలోనే ఉంది. పాప మెడ వెనుక, ఛాతీ మీద అప్పుడప్పుడు చెయ్యి పెట్టి చూస్తూ, కాలుతున్నట్టు తోస్తే నీడన జిప్పు కొంచెం దించి తడిగుడ్డతో తుడవండి, దారి పొడుగునా తరచుగా పాలు పట్టండి, ఒడ్డు చేరగానే దుస్తులు విప్పి పొడి బట్టలు తొడగండి. పాప డీలా పడినా, పాలు వద్దన్నా, పక్షులు కనిపించినా కనిపించకపోయినా పడవను వెనక్కి తిప్పమని చెప్పడానికి మొహమాటపడవద్దు.