సిడ్నీలో పెరిగి బ్రిస్బేన్‌కు మారితే, యువ రాష్ట్ర రగ్బీ లీగ్ జట్టుకు అర్హత ఎటువైపు?

ప్రశ్న: బ్లాక్‌టౌన్ వాసి

అందరికీ నమస్కారం. మా అబ్బాయి విజయవాడలో పుట్టాడు. వాడికి ఆరేళ్లున్నప్పుడు మేము సిడ్నీ వచ్చాము, అప్పటి నుంచీ బ్లాక్‌టౌన్ పరిసరాల్లోనే ఉంటున్నాము. ఇక్కడి స్నేహితులను చూసి రగ్బీ లీగ్‌లో చేరినవాడు ఇప్పుడు పద్నాలుగేళ్ల వయసులో హుకర్‌గా, అంటే ట్యాకిల్ అయిన (ప్రత్యర్థులు పట్టి ఆపిన) ఆటగాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించగానే దాన్ని అందుకుని ఎటు పంపాలో క్షణంలో తేల్చుకోవలసిన 9వ నంబరు ఆటగాడిగా, తన జట్టులో స్థిరపడ్డాడు. ఇంకో రెండేళ్లు ఇలాగే ఆడితే హెరాల్డ్ మాథ్యూస్ కప్ (న్యూ సౌత్ వేల్స్ క్లబ్బుల యువ జట్ల పోటీ) సెలెక్షన్‌కు పిలుపు రావచ్చని కోచ్ అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ వాడు గదిలో న్యూ సౌత్ వేల్స్ నీలం జెర్సీ తగిలించుకుని తిరుగుతున్నాడు.

అయితే ఉద్యోగరీత్యా వచ్చే జనవరిలో మా కుటుంబం బ్రిస్బేన్‌కు మారక తప్పడం లేదు. అక్కడికి వెళ్లాక వాడు క్వీన్స్‌ల్యాండ్ 19 ఏళ్లలోపు జట్టుకు అర్హుడవుతాడా, న్యూ సౌత్ వేల్స్‌కే చెందుతాడా, లేక ఇక్కడ పుట్టలేదు కాబట్టి ఎటూ కాకుండా పోతాడా? ఈ యువ రాష్ట్ర జట్లకు నిజంగా అంత విలువ ఉందా, లేక పిల్లలకు ఆశ పెట్టడానికేనా? తలకు దెబ్బల గురించి మా ఆవిడకు ఉన్న భయం వేరే సంగతి; దాని గురించి కూడా తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

జవాబు 1: మెరూన్ మావయ్య, బ్రిస్బేన్

బ్లాక్‌టౌన్ వాసి గారూ, మీ అబ్బాయి న్యూ సౌత్ వేల్స్‌కే అర్హుడు. బ్రిస్బేన్‌కు మారినంత మాత్రాన అది మారదు. క్వీన్స్‌ల్యాండ్ పక్షపాతినైన నాకు ఈ మాట రాయడం కొంచెం కష్టంగానే ఉంది.

2012లో సవరించిన నిబంధన ప్రకారం, స్టేట్ ఆఫ్ ఒరిజిన్, అంటే ఏటా న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌ల్యాండ్ జట్ల మధ్య జరిగే సిరీస్, ఆడాలంటే ఆటగాడు ఆ రాష్ట్రంలో పుట్టి ఉండాలి, లేదా పదమూడో పుట్టినరోజుకు ముందు అక్కడ నివసించి ఉండాలి, లేదా అతని తండ్రి ఆ రాష్ట్రం తరఫున ఒరిజిన్ ఆడి ఉండాలి. పుట్టింది విజయవాడలో కాబట్టి మొదటిది వర్తించదు, మూడోది మన కుటుంబాల్లో ఎవరికీ వర్తించదు, ఇక మిగిలింది రెండోదే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు మీ వాడు సిడ్నీలో తప్ప మరెక్కడా లేడు. బాల్యంలో రెండు రాష్ట్రాల్లోనూ గడిపినవారి విషయంలో లెక్క చిక్కుపడుతుంది కానీ, మీకు ఆ బెడద లేదు.

మన వాళ్లకు ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే మనం రంజీ ట్రోఫీ చూసి పెరిగాము. అంబటి రాయుడు హైదరాబాద్‌కు ఆడాడు, ఆంధ్రకు ఆడాడు, తరవాత బరోడాకు, విదర్భకు కూడా ఆడాడు, అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. ఇక్కడ ఆ వెసులుబాటు లేకపోవడానికి కారణం ఒక పాత గాయం. 1908లో మొదలైన అంతర్రాష్ట్ర పోటీల్లో, ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బులో ఆడుతుంటే ఆ రాష్ట్రానికే ఆడేవాడు. న్యూ సౌత్ వేల్స్‌లో 1956లో క్లబ్బులకు పోకర్ మెషీన్లు (జూదపు యంత్రాలు) పెట్టుకునే అనుమతి రావడంతో సిడ్నీ క్లబ్బుల చేతిలో డబ్బు ఆడింది, క్వీన్స్‌ల్యాండ్‌లో మెరిసిన ప్రతి కుర్రాడినీ అవి ఎగరేసుకుపోయాయి, అలా వెళ్లినవాళ్లే మరుసటి ఏడాది నీలం చొక్కా వేసుకుని సొంత రాష్ట్రాన్ని ఓడించేవారు. పోటీలో పస లేక ప్రేక్షకులు రావడం మానుకున్నాక, 1980 జులై 8న బ్రిస్బేన్‌లోని ల్యాంగ్ పార్కులో మొదటిసారిగా పుట్టిపెరిగిన నేలను బట్టి జట్లు కట్టి ఆడారు. ఏళ్ల తరబడి సిడ్నీ క్లబ్బుల్లో ఆడుతూ, గతంలో న్యూ సౌత్ వేల్స్‌కే ప్రాతినిధ్యం వహించిన ఆర్థర్ బీట్సన్ ఆ రోజు 35 ఏళ్ల వయసులో క్వీన్స్‌ల్యాండ్ కెప్టెన్‌గా దిగాడు, 20-10తో క్వీన్స్‌ల్యాండ్ గెలిచింది.

అప్పటి నుంచి కూడా తగాదాలు ఆగలేదు. పెద్దల స్థాయి ఆట మొదట ఎక్కడ ఆడారన్నది చాలాకాలం కొలమానంగా ఉండేది. న్యూ సౌత్ వేల్స్‌లోని కెంప్సీలో పుట్టిన గ్రెగ్ ఇంగ్లిస్, సిడ్నీ శివారు మింటోలో పుట్టిన ఇజ్రాయెల్ ఫొలావ్ క్వీన్స్‌ల్యాండ్ మెరూన్ జెర్సీలో ఆడినప్పుడు సిడ్నీ పత్రికలు గగ్గోలు పెట్టాయి. కుర్రవాళ్లను హైస్కూలు వయసులోనే క్లబ్బులు రాష్ట్రం దాటిస్తున్న రోజుల్లో పదహారు, పదిహేడేళ్ల వయసును కొలమానంగా పెట్టుకుంటే రాష్ట్రాన్ని ఎంచేది బాల్యం కాదు, క్లబ్బు స్కౌట్ అవుతాడు. పదమూడేళ్ల గీత అక్కడి నుంచి వచ్చింది. నా మట్టుకు అది న్యాయమైన గీతే.

జవాబు 2: పెన్రిత్ ప్రేక్షకుడు

మావయ్య గారు అర్హత సంగతి సరిగ్గానే చెప్పారు. రెండో ప్రశ్నకు, అంటే ఈ జట్ల విలువకు, నేను జవాబు చెబుతాను. అది కొంచెం చేదుగా ఉండవచ్చు.

ఇప్పుడు 19 ఏళ్లలోపు వారిదైన యువ ఒరిజిన్ మ్యాచ్ మొదట 20 ఏళ్లలోపు వారికి 2012లో మొదలైంది. 2012 నుంచి 2016 వరకు ప్రతి ఏడాదీ గెలిచింది న్యూ సౌత్ వేల్స్ కుర్రాళ్లే. అదే అయిదేళ్లలో పెద్దల సిరీస్‌ను న్యూ సౌత్ వేల్స్ గెలిచింది 2014లో ఒక్కసారే, మిగిలిన నాలుగూ క్వీన్స్‌ల్యాండ్ పట్టుకుపోయింది. కాబట్టి పిల్లల మ్యాచ్ ఫలితం చూసి పెద్దల భవిష్యత్తు చెప్పేవారి మాట పట్టించుకోనక్కరలేదు. అలాగని ఆ జట్లు వృథా అని కూడా నేను అనను. 2018లో కోచ్ బ్రాడ్ ఫిట్లర్ మొదటి మ్యాచ్‌కే పదకొండుగురు కొత్తవాళ్లను దింపి సిరీస్ గెలిచాడు, వారిలో ఒకడైన నేథన్ క్లియరీ 20 ఏళ్లలోపు జట్టులో ఆడి వచ్చినవాడే. ఆ సిరీస్ రెండో మ్యాచ్‌లో క్వీన్స్‌ల్యాండ్ తరఫున అడుగుపెట్టిన కేలిన్ పోంగా కూడా అటువైపు యువ జట్టు నుంచే వచ్చాడు. వచ్చినవారి పేర్లు మనకు గుర్తుంటాయి. అదే జట్టు ఫొటోలో వారి పక్కన నిలబడి, ఆ తరవాత ఎక్కడా కనిపించని కుర్రాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

దీనికి ప్రధాన కారణం శరీర ఎదుగుదల అని నా అభిప్రాయం. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ముందుగా ఎదిగిన కుర్రాడు ఎదుటివారిని గుద్దుకుంటూ వెళ్లి ట్రైలు చేస్తాడు (గీత దాటి బంతిని నేలకు తాకించి పాయింట్లు తెస్తాడు), సెలెక్టర్ కళ్లలో పడతాడు. పంతొమ్మిదేళ్లకు మిగతావారు కూడా ఎదిగాక అతని ప్రత్యేకత తరిగిపోతుంది. ఏడాది మొదట్లో పుట్టినవారు వయో విభాగాల జట్లలో ఎక్కువగా కనబడటం కూడా ఈ కోవలోదే. మీ అబ్బాయి హుకర్ కావడం ఇక్కడ కలిసివస్తుంది, ఎందుకంటే ఆ స్థానంలో బరువు కంటే చూపు ముఖ్యం. ఈసారి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు బంతి చేతిలో ఉన్న జట్టుకు దొరికే ఆరు ట్యాకిళ్ల సెట్‌లో మూడో ట్యాకిల్ దగ్గర వాడిని గమనించండి: బంతి మీదికి వంగకముందే ఒకసారి తల ఎత్తి ఎదుటి రక్షణ వరుసలో ఎవరు ఇంకా లేవలేదో చూస్తున్నాడా, లేక బంతి అందుకున్నాకే వెతుక్కుంటున్నాడా? బంతి అందుకోకముందే చూసే కుర్రాడిని అనుభవమున్న సెలెక్టర్లు వదులుకోరు, అది తెచ్చిపెట్టుకుంటే వచ్చేది కాదు.

ఇంకొక మాట. వయో విభాగాలు ఈ మధ్య మారాయి. 20 ఏళ్లలోపు వారికి 2008 నుంచి నడిచిన జాతీయ క్లబ్ పోటీ 2017తో ముగిసింది, హెరాల్డ్ మాథ్యూస్ కప్ ఇప్పుడు 17 ఏళ్లలోపు వారిది, ఎస్. జి. బాల్ కప్ 19 ఏళ్లలోపు వారిది. పాత వ్యాసాలు చదివి 16, 18 అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఒక ఏడాది పెరగడం ఆలస్యంగా ఎదిగే పిల్లలకు మేలే చేసింది.

జవాబు 3: ఇప్స్‌విచ్ అమ్మ

అన్నయ్య గారూ, మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ జట్టులో ఆడుతున్నాడు కాబట్టి క్వీన్స్‌ల్యాండ్ వైపు దారి ఎలా ఉంటుందో చెబుతాను. పైవారు ఇద్దరూ ఒరిజిన్ గురించే రాశారు కానీ, ఇక్కడ రాష్ట్ర జట్టు అంటే ఒక్కటే కాదు.

క్లబ్బుల దారిలో మొదట సిరిల్ కానెల్ కప్, దాని తరవాత మాల్ మెనింగా కప్ ఉన్నాయి. మొదటిదానికి పేరిచ్చిన కానెల్ గారు బ్రిస్బేన్ బ్రాంకోస్‌కు కుర్రాళ్లను వెతికిపెట్టిన స్కౌట్, రెండోదానికి పేరిచ్చిన మెనింగా గారు కోచ్‌గా 2006 నుంచి 2013 వరకు క్వీన్స్‌ల్యాండ్‌కు వరసగా ఎనిమిది సిరీస్‌లు గెలిపించినవారు. ఈ పోటీల్లో ఆడటానికి ఏ రాష్ట్రంలో పెరిగారన్నది అడ్డు కాదు. సరిహద్దుకు అవతల, న్యూ సౌత్ వేల్స్ గడ్డ మీద ఉన్న ట్వీడ్ సీగల్స్ క్లబ్బే క్వీన్స్‌ల్యాండ్ పోటీల్లో ఆడుతోంది! మీ వాడు ఇక్కడి క్లబ్బుకు ఆడుతూనే అక్కడి రాష్ట్రానికి అర్హుడిగా ఉంటాడు. సిడ్నీ సెలెక్టర్ల కళ్ల ముందు లేనివాడు వారికి గుర్తుండాలంటే ఇక్కడ కొంచెం ఎక్కువగా రాణించాలన్నది మాత్రం నిజం.

రెండో దారి స్కూలు. స్కూలు క్రీడల రాష్ట్ర జట్టుకు చదువుతున్న స్కూలే ఆధారం. స్కూలు జట్టు నుంచి మెట్రోపాలిటన్ వెస్ట్, సౌత్ కోస్ట్, డార్లింగ్ డౌన్స్ వంటి ప్రాంతీయ జట్టుకు, అక్కడి నుంచి రాష్ట్ర స్కూళ్ల జట్టుకు ఎంపికలు జరుగుతాయి, ఆపైన జాతీయ స్కూళ్ల పోటీలు, ఆస్ట్రేలియన్ స్కూల్ బాయ్స్ జట్టు ఉంటాయి. అంటే మీ అబ్బాయి క్వీన్స్‌ల్యాండ్ స్కూళ్ల జట్టులో మెరూన్ వేసుకుని, ఆ తరవాత 19 ఏళ్లలోపు ఒరిజిన్‌లో నీలం వేసుకోవడానికి అవకాశం ఉంది. కాబట్టి ఇల్లు వెతికే ముందు స్కూలు వెతకండి. క్వీన్స్‌ల్యాండ్ మాజీ ఆటగాడు ల్యాంగర్ పేరు మీద జరిగే స్కూళ్ల పోటీలో ఆడే కీబ్రా పార్క్, పామ్ బీచ్ కరంబిన్, వేవెల్ వంటి హైస్కూళ్లలో ఆటకు చదువుతో పాటు ప్రత్యేక శిక్షణ ఉంటుంది. ఇంగ్లిస్ చదివింది వేవెల్‌లోనే.

తల దెబ్బల గురించి వదిన గారి భయం అక్కరలేనిదని నేను అనను. ఇక్కడ ఇప్పుడు పాటించే జాతీయ మార్గదర్శకాల ప్రకారం, కంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) అయిన 19 ఏళ్లలోపు ఆటగాడు లక్షణాలన్నీ పూర్తిగా పోయాక కనీసం 14 రోజులు గడిచేదాకా శరీరం తగిలే సాధనకు వెళ్లకూడదు, దెబ్బ తగిలిన రోజు నుంచి కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు. హుకర్ తన జట్టు రక్షణలో ఉన్నప్పుడు మధ్యలో నిలబడి ఎక్కువ ట్యాకిళ్లు చేయవలసి వస్తుంది కాబట్టి, తల ఎదుటివాడి శరీరానికి ఏ పక్క పెట్టాలన్న సంగతి కోచ్ నేర్పుతున్నాడా లేదా అని అడగడంలో మొహమాటపడకండి. ఎంపిక మ్యాచ్ దగ్గరపడితే పిల్లలు తలనొప్పిని దాస్తారు. రాష్ట్ర జట్టు ఆశ తెచ్చే అసలు ప్రమాదం అదేనని నాకు అనిపిస్తుంది.

ప్రశ్నకర్త: బ్లాక్‌టౌన్ వాసి

ముగ్గురికీ ధన్యవాదాలు. నీలం జెర్సీ పెట్టెలో సర్దుకోవచ్చని వాడికి చెప్పాను, బ్రిస్బేన్ అంటే మూతి ముడుచుకోవడం మానేశాడు. చివరిగా ఒక సందేహం. బ్రిస్బేన్ వెళ్లడం రెండేళ్లు వాయిదా వేసి, నేను ఒక్కడినే ముందు వెళ్లి, హెరాల్డ్ మాథ్యూస్ కప్ అయ్యేదాకా తల్లీకొడుకులను సిడ్నీలోనే ఉంచమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. అది అవసరమంటారా?

జవాబు: పెన్రిత్ ప్రేక్షకుడు

నేనైతే ఉంచను. ఇప్పుడు ఉన్న అర్హత ఎక్కడికీ పోదు, ఎంపిక అవుతాడన్న హామీ సిడ్నీలో ఉన్నా దొరకదు. దేశంలో అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బులు సైతం పద్దెనిమిది నిండనివారిని మైదానంలోకి దింపాలంటే ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. 2021లో జోసెఫ్ సుఆలిఈ పదిహేడేళ్లకే ఆడటానికి అలాంటి అనుమతి కావలసి వచ్చింది. అంత ప్రతిభ ఉన్నవాడికే ఆగమన్న ఆటలో, పద్నాలుగేళ్లవాడి కోసం ఇంటిని రెండు ముక్కలు చేయవలసిన తొందర ఏముంది?

జవాబు: మెరూన్ మావయ్య, బ్రిస్బేన్

నాదీ అదే మాట. బయలుదేరే ముందు మాత్రం ఒక పని చేయండి. ఆరేళ్ల నుంచి వాడు చదివిన స్కూళ్ల అడ్మిషన్ కాగితాలు, ఏటేటి క్లబ్ రిజిస్ట్రేషన్ వివరాలు, మీ ఇంటి అద్దె ఒప్పందాలు ఒక ఫైలులో పెట్టుకోండి. క్లబ్ రిజిస్ట్రేషన్ మైసైడ్‌లైన్ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో ఉంటుంది కానీ, పాత సంవత్సరాలవి వేరే ఈమెయిల్ మీద నమోదై ఉంటే తరవాత వెతకడం కష్టమవుతుంది, సిడ్నీలో ఉండగానే క్లబ్ రిజిస్ట్రార్‌తో మాట్లాడి ఒకే ఖాతాలోకి కలిపించుకోండి. ఇక్కడ కొత్త క్లబ్బులో చేరేటప్పుడు రాష్ట్ర అర్హత అడిగితే న్యూ సౌత్ వేల్స్ అనే రాయించండి. మా వాళ్లు కొంచెం ఆటపట్టిస్తారు, అయినా ఆడనిస్తారు.