అద్దం మీద గాజు ముక్కలు కరిగించి చేసిన పెండెంట్ రెండు రోజులకే చిట్లింది, ఎందుకు?

గాజుల_సీసా:
అందరికీ నమస్తే. మాది విజయవాడ, ఉద్యోగం అకౌంట్స్‌లో. మొన్నటిదాకా గాజుకీ నాకూ ఉన్న సంబంధం చేతికి తొడుక్కోవడం వరకే. మా అమ్మ దగ్గర పాత హార్లిక్స్ సీసా నిండా మట్టి గాజుల ముక్కలున్నాయి. పగిలాయి అనకూడదట, పెరిగాయి అనాలట, నాకు ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఇంకా సరిదిద్దుతుంది. వాటిలో మా అక్క సీమంతానికి వేసిన ఆకుపచ్చ గాజుల ముక్కలు కూడా ఉన్నాయి, వాటితో అక్కకి ఒక పెండెంట్ చేసిద్దామని సరదా పుట్టింది.

మైక్రోవేవ్‌లో పెట్టే చిన్న కిల్న్ (గాజు కరిగించే బట్టీ) ఆన్‌లైన్‌లో కొన్నాను, తెల్లటి డబ్బాలా ఉంటుంది, లోపల మూతకి నల్లటి పూత. ఇంట్లో మూలపడేసిన పాత మైక్రోవేవ్ ఒకటుంటే దీనికే కేటాయించాను. అద్దాల షాపులో కిటికీ అద్దం ముక్కలు ఉత్తినే ఇచ్చారు, 4 మిల్లీమీటర్లది. 3 సెంటీమీటర్ల చదరంగా కోసి, దాని మీద గాజు ముక్కలు పేర్చి, కింద గాజు అంటుకోకుండా కిల్న్ పేపర్ వేసి, నాలుగున్నర నిమిషాలు పెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత మూత తీస్తే, ఏం చెప్పను, ముక్కల అంచులన్నీ కరిగి గుండ్రంగా అయిపోయి చెరువులో ఆకులు తేలుతున్నట్టుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు సంతోషంతో.

రెండో రోజు బీరువాలోంచి టిక్ అని చప్పుడు. తీసి చూస్తే చీలిక. సరే ఒకటి అలా అయిందిలే అని ఇంకోటి చేశాను, అది మర్నాటికే పోయింది.

నాకు అర్థం కానిది ఇంకొకటి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో కొవ్వొత్తి మంట మీద గాజు ముక్కలు వంచి, ఒకదాన్లో ఒకటి దూర్చి గొలుసులు చేసి గుమ్మానికి కట్టేవాళ్ళం, మీలో చాలామంది చేసే ఉంటారు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఆ గొలుసు ఇప్పటికీ ఉంది, మసి మరకలతో సహా. పాతికేళ్ళుగా గాలికి కొట్టుకుంటూ కూడా చిట్లలేదు. అంత జాగ్రత్తగా కిల్న్‌లో చేసింది బీరువాలో పడుకుని ఎందుకు చిట్లింది?

రెజిన్_రాజు:
ఇంత కష్టం దేనికండీ, ఆ ముక్కల్ని అచ్చులో పెట్టి యూవీ రెజిన్ పోసి లైట్ కింద పెడితే అరగంటలో పెండెంట్ రెడీ. చిట్లడాలు లేవు, టెన్షన్ లేదు.

డల్లాస్_కొలిమి:
రాజు గారూ, రెజిన్ మంచిదే, కానీ ఆవిడ గాజు కరిగించాలనుకుంటున్నారు, అది వేరే పిచ్చి. ఆ పిచ్చి నాకు పట్టి తొమ్మిదేళ్ళు, ఇక్కడ డల్లాస్‌లో ఒక స్టూడియోలో శనివారాలు నేర్చుకుని ఇప్పుడు గరాజ్‌లో సొంత కిల్న్ పెట్టుకున్నాను.

గాజుల సీసా గారూ, ముందు నాకొకటి చెప్పండి, చీలిక ఎలా పోయింది? గాజు ముక్క అంచు వెంబడే తిరుగుతూ పోయిందా, లేక ముక్కలతో సంబంధం లేకుండా పెండెంట్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి వంకరగా కోసుకుంటూ పోయిందా? మొదటిదైతే రెండు గాజులకీ పడలేదని అర్థం. రెండోదైతే తొందరగా చల్లార్చారని. మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ ఉన్నాయని నా అనుమానం.

పడకపోవడం అంటే ఏంటంటే, ప్రతి గాజూ వేడెక్కితే పెరుగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఎంత అన్నది దాని దినుసుల్ని బట్టి ఉంటుంది. దాన్ని సీఓఈ అంటారు. ఇటలీలో మురానో పూసల వాళ్ళు వాడే మెత్తటి గాజు 104, అంటే ఒక్కో డిగ్రీ వేడికి తన పొడవులో కోటిలో 104 వంతులు పెరుగుతుంది. ఇక్కడ నేను కిల్న్‌లో వాడే బుల్స్‌ఐ కంపెనీ గాజు 90. లేబొరేటరీ బీకర్ల బోరోసిలికేట్ 33. మీ కిటికీ అద్దం ఎనభైల్లో ఉంటుంది, మీ గాజులది ఎంతో చేసినవాళ్ళకే తెలియాలి, ఎందుకంటే గాజుల బట్టీలో పాత గాజు పెంకులు కూడా వేసి కరిగిస్తారు, ఈ వారం గాజుకీ వచ్చే వారం గాజుకీ పోలిక ఉండదు.

రెండిటికీ తేడా పది అనుకుందాం. గాజు గట్టిపడే 500 డిగ్రీల దగ్గర నుంచి గది వేడికి దిగేసరికి ఒకటి ఇంకోదానికంటే రెండు వేలలో ఒక వంతు ఎక్కువ ముడుచుకోవాలి. మీ 3 సెంటీమీటర్ల ముక్కలో అది 0.015 మిల్లీమీటరు. ఇంతేనా అనిపిస్తుంది కానీ గాజు రబ్బరు కాదు, ఆ కాస్త కూడా సాగదు. అతుక్కుపోయాయి కాబట్టి విడిపోలేవు, లాక్కుంటూ కూర్చుంటాయి. ఒకరోజో రెండు రోజులో ఓర్చుకుని టిక్ మంటాయి. నాదొకటి పదకొండు నెలల తర్వాత మా ఆవిడ మెడలో ఉండగా చిట్లింది, పెళ్ళిలో, ఆ సంగతి వదిలేయండి.

చిన్నప్పటి గొలుసు ఎందుకు నిలిచిందో కూడా ఇందులోనే ఉంది. అక్కడ మీరు దేన్నీ దేనితోనూ అతికించలేదు, ఒకే గాజు ముక్కని వంచారు, అంతే. పైగా సన్నటి ముక్క కాబట్టి లోపలా బయటా దాదాపు ఒకేసారి చల్లారింది.

ఇక చల్లార్చడం. ఇరవై నిమిషాలకి మూత తీయడం మాత్రం తప్పే. అలా తీస్తే పైభాగం గట్టిపడిపోతుంది, లోపల ఇంకా ముడుచుకోవాల్సి ఉంటుంది. పెద్ద కిల్న్‌లో అయితే నా గాజుకి 482 డిగ్రీల దగ్గర ఆపి, మందాన్ని బట్టి అరగంటో గంటో ఉంచి, అక్కడి నుంచి నెమ్మదిగా దించుతాం. దీన్నే అనీలింగ్ అంటారు. మైక్రోవేవ్ కిల్న్‌లో ఆ సదుపాయం లేదు, కాబట్టి మూత ముట్టుకోకుండా చేతికి చల్లగా తగిలేదాకా వదిలేయండి, ఫ్యాన్ కూడా ఆపండి. రూపాయి బిళ్ళంత ముక్కలకి అది సరిపోతుంది, అరచేయంత పళ్ళెం చేస్తానంటే సరిపోదు.

టెన్త్_ఫిజిక్స్:
పై సమాధానం బాగుంది, దానికి ఒక చిట్కా కలుపుతాను, నేను పిల్లలకి క్లాసులో చూపించేది. గాజులో లాగుడు ఉందో లేదో చిట్లకముందే కంటితో చూడొచ్చు.

మీ లాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు (బండి నడిపేవాళ్ళు కొంటారే, అవి, మామూలు నల్లద్దాలు కాదు) తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర మొత్తం నల్లబడిపోతుంది. అక్కడ ఆపి, తెరకీ కళ్ళద్దానికీ మధ్య మీ పెండెంట్ పెట్టి చూడండి. బాగా చల్లారిన, ఒకదానితో ఒకటి పడిన గాజైతే నల్లగానే ఉంటుంది. లాగుడు ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. గాజు ముక్క చుట్టూ తెల్లటి వలయంలా వెలిగితే అది పడకపోవడం, ఏ ముక్కతోనూ సంబంధం లేకుండా అంచులూ మూలలూ వెలిగితే అది చల్లార్చడంలో లోపం. మీ దగ్గర చిట్లిన ముక్కలు ఉంటే పారేయకండి, వాటిలో కూడా కొంత లాగుడు మిగిలే ఉంటుంది.

ఫోన్ తెరతో ప్రయత్నించకండి, చాలా ఫోన్లలో ఇది సరిగ్గా రాదు.

ఏర్పేడు_పూసలు:
అక్కా, మీ పోస్టు చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. మాది ఏర్పేడు దగ్గర, తిరుపతి జిల్లా. పక్కనే పాపానాయుడుపేట, గాజు పూసలకి పేరున్న ఊరు. నేను ఆ పని చేసేవాళ్ళ ఇంట్లో పుట్టలేదు, చూస్తూ పెరిగానంతే.

బట్టీలో కరిగిన గాజుని ఒక ఇనుప గొట్టానికి (ఆ గొట్టాన్ని లడ అంటారు) ముద్దలా పట్టించి, ముద్దకి నడిమధ్య బొక్క ఉండేలా చేసి, అవతలి పక్క నుంచి ఒక మనిషి సన్నటి గొట్టంగా లాగుతూనే ఉంటాడు, గంటల తరబడి. ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా కొడతారు. అప్పుడు అంచులు వాడిగా ఉంటాయి కదా, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తూ కలియబెడతారు, అంచులు గుండ్రమవుతాయి, బొక్కలో బూడిద ఉంటుంది కాబట్టి మూసుకుపోదు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళనాటి పూసలు కూడా ఇలా లాగిన గొట్టం నుంచి కోసినవే, పీటర్ ఫ్రాన్సిస్ అని పూసల మీద పరిశోధించిన ఆయన మా పక్క ఊరి పద్ధతి చూసే ఆ పాత పద్ధతిని అర్థం చేసుకున్నాడు.

ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ ఒక ముద్ద, ఒక లాగుడు, అన్ని పూసలూ ఒకే గాజు. డల్లాస్ అన్న చెప్పినదే.

నేనిప్పుడు టార్చి (గ్యాసు మంట) మీద పూసలు చేస్తున్నాను, రెండేళ్ళుగా. స్టీలు కడ్డీకి తెల్లమట్టి పూత పూసి ఆరబెట్టి, దాని మీద కరిగిన గాజు చుట్టడం, పూత ఉంటేనే తర్వాత పూస ఊడి వస్తుంది. మీరు అటువైపు వస్తే ఒక్క మాట, వంటింటి సిలిండర్‌కి టార్చి తగిలించకండి. అది వంటకే ఇచ్చింది, పైగా గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుని ఉంటుంది, తలుపులు తీసినా తొందరగా పోదు. నేను 5 కిలోల చిన్న సిలిండర్ బయట వరండాలో పెట్టి వాడతాను. మంటలో గాజు పెడితే సోడియం వల్ల పసుపు వెలుగు కళ్ళు చెదిరేలా వస్తుంది, దానికి డిడిమియం కళ్ళద్దాలు వేరే ఉంటాయి, అవి లేకుండా గాజు ఎక్కడ కరుగుతోందో కనిపించదు.

రెండు గాజులు పడతాయా లేదా అన్నదానికి టార్చి ఉన్నవాళ్ళకి ఇంకో పరీక్ష ఉంది. రెండిటినీ పక్కపక్కన అతికించి కరిగించి సన్నటి దారంలా లాగండి. చల్లారాక దారం తిన్నగా ఉంటే పడ్డట్టు. విల్లులా వంగితే పడనట్టు, వంపు లోపలివైపు ఉన్నది ఎక్కువ ముడుచుకున్న గాజు.

రెజిన్_రాజు:
నేను రెజిన్ అని ఒక్క ముక్క అన్నందుకు పాఠాలు బాగానే దొరికాయి, థాంక్స్ 😄 ఒక డౌటు, అద్దం వాడకుండా ఉత్త గాజు ముక్కలే కరిగిస్తే?

డల్లాస్_కొలిమి:
అదే చెప్పబోతున్నా. ఒకే గాజు తాలూకు ముక్కలైతే మంచిది. ఒకే రంగు అంటే ఒకే గాజు అని కాదు సుమా, ఒకే చేతి గాజు విరిగిన ముక్కలు. పూర్తిగా కరిగిన గాజు 6 మిల్లీమీటర్ల మందానికి చేరాలని చూస్తుంది, పల్చగా పేరిస్తే తనంతట తనే లోపలికి ముడుచుకుని బొట్టులా గుండ్రమవుతుంది. అందుకని చదరం రాదు, బొట్టు బిళ్ళలాంటివి వస్తాయి, పెండెంట్‌కి అవే అందం. గాజు మీద బంగారు రంగు గీతలుంటే ముందే గీకేయండి, లేకపోతే మాడి మురికిగా మిగులుతాయి. గీకేటప్పుడు, కిల్న్ పేపర్ బూడిద దులిపేటప్పుడు ఎన్95 మాస్కు తప్పదు, తడిగుడ్డతో తుడవండి, చీపురు వద్దు.

అద్దం ముక్కలు వృథా కావు. అంచుల చుట్టూ రాగి టేపు అంటించి సోల్డర్ పోస్తే కిల్నే అవసరం లేకుండా వేలాడే బొమ్మలు చేసుకోవచ్చు. ఒంటి మీద వేసుకునేవాటికి మాత్రం సీసం లేని సోల్డరే వాడండి.

గాజుల_సీసా:
తొమ్మిది రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి, క్లోజింగ్ పనుల్లో పడిపోయాను.

మాస్టారు గారి చిట్కా ముందు చేశాను. మా తమ్ముడి చలువ కళ్ళద్దాలు తెచ్చుకుని తెర నల్లబడేదాకా తిప్పి, చిట్లిన పెండెంట్ మధ్యలో పెట్టగానే ప్రతి ఆకుపచ్చ ముక్క చుట్టూ తెల్లగా వలయం, గ్రహణం నాటి సూర్యుడిలా. మూలలు కూడా కొంచెం వెలిగాయి. అంటే డల్లాస్ గారన్నట్టు రెండు తప్పులూ నావే. చీలిక చూశాను, మొదటిది ముక్క అంచు వెంటే పోయింది, రెండోది సగం దూరం అలా పోయి తర్వాత అడ్డంగా తిరిగింది.

తర్వాత సీసా మొత్తం పేపర్ మీద ఒంపి, విరిగిన అంచులు ఒకదానికొకటి సరిగ్గా అతికే ముక్కల్ని వెతికి వేరు చేశాను. ఒక ఆదివారం మొత్తం పట్టింది, కానీ చెప్పాలంటే పెండెంట్ చేయడం కంటే ఇదే బాగుంది. పదిహేడు జిప్ కవర్లయ్యాయి. వాటిలో ఒక ఆకుపచ్చ గాజువి తీసుకుని గీతలు గీకి, రెండు వరుసలు అడ్డంగా నిలువుగా పేర్చి, అదే నాలుగున్నర నిమిషాలు. మూత రాత్రంతా తీయలేదు.

పొద్దున చూస్తే చింతగింజ కంటే కొంచెం పెద్దది, ఒక పక్క సొట్ట, రంగు గాజులో కంటే చాలా ముదురుగా, దాదాపు నల్లగా ఉంది, లైటుకి ఎత్తి పట్టుకుంటేనే పచ్చదనం తెలుస్తోంది. కళ్ళద్దాల పరీక్షలో పూర్తి నలుపు, ఎక్కడా వలయం లేదు. ఈ రోజుకి వారం, టిక్ అనలేదు.

గర్వంగా అమ్మకి చూపించాను, అక్క సీమంతం గాజు అని. తను మిగిలిన ముక్కలు కవర్లోంచి తీసి అటూ ఇటూ తిప్పి, ఇది అక్కది కాదే, మీ నాన్న తిరునాళ్ళలో నాకు కొన్నది అంది. కొంచెం సేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది, తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు మిగతా పదహారు కవర్లూ ముందేసుకుని చత్వారం అద్దాలు పెట్టుకుని అక్కవి ఏవో తేలుస్తోంది.

ఏర్పేడు తమ్ముడూ, ఆ స్టీలు కడ్డీలు ఎక్కడ కొన్నావో రాయి.